రెండు నిమిషముల ప్రయాణము

స్కాట్లండునకు ఉత్తరమున ఆర్క్‌నీ దీవులు కలవు. అందు వెస్ట్రే, పాపా వెస్ట్రే యను రెండు చిన్న దీవుల నడుమ విమానము పోవు దూరము 2.7 కిలోమీటర్లు. కాలపట్టికలో దీనికి 2 నిమిషములు చూపుదురు. ఒక్కొక్క దినమున నిమిషమునకు లోపుగనే దిగుటయు కలదు. నియతముగ నడచు విమానయానములలో లోకమందు ఇంతకంటె చిన్నది లేదు. నేలపై నిది అరగంట నడక. ఇది విని నవ్వువారుందురు. మేము నవ్వజాలము.

ఏలయన, ఆ నడుమ నున్నది నేల కాదు, సముద్రము. పాపా వెస్ట్రే జనసంఖ్య నూరింటికి లోపు. వైద్యుడు రావలెనన్నను, రోగి పట్టణమునకు పోవలెనన్నను, ఉపాధ్యాయుడు బడికి చేరవలెనన్నను, ఎనిమిదిమంది పట్టు ఆ చిన్న విమానమే వారికి పెద్ద యాధారము. 1967 నుండి ఈ మార్గము నడచుచున్నది. టిక్కెట్ల రాబడితో ఇట్టి మార్గము నిలువదు గనుక, నేడు అచ్చటి స్థానిక ప్రభుత్వము ఆ లోటును ప్రజాధనముతో పూడ్చుచున్నది. లాభము వచ్చునా యని కాక, ఇది లేకున్న ఆ జనుల గతి యేమి యని వారు ప్రశ్నించుకొనిరి.

మన దేశమునను ఇట్టి యుద్దేశముతోనే 2016లో ఉడాన్ పథకము వెలసినది. 2017 ఏప్రిల్ 27న మన కడపనుండి హైదరాబాదునకు నడచిన విమానము ఆ పథకపు తొలి ఫలములలో నొకటి. తరువాతి కథ యేమి? కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2023లో వెలువరించిన నివేదికను చూడుడు. మూడవ విడతవరకు కేటాయించిన 774 మార్గములలో 403 మార్గములందు విమానము కదలనే లేదు. కదలిన 371లో మూడేండ్ల సహాయపు గడువు పూర్తిగ నడచినవి 112. ఆ గడువు దాటిన పిదప 2023 మార్చి నాటికి నిలిచినవి 54 మాత్రమే!

రైలెక్కు బీదవాని సొమ్ముతో విమాన మెక్కువాని నేల మోయవలెనని కొంద రడుగుదురు. ఈ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు. కడపవాసికి విమానము తప్పినను రాత్రి రైలున్నది. కాని ఈశాన్యపు కొండలలో, హిమాలయపు లోయలలో కొండచరియ విరిగిపడిన నాడు దారి మూతపడు ఊళ్లున్నవి. లక్షద్వీపముల చుట్టును కడలి యున్నది. వీరికిని కడపకును ఒకే కొలబద్ద, ఒకే మూడేండ్ల గడువు న్యాయమా? అవసరము తీరకముందే సహాయము కాలదోషము పట్టిన పత్రమువలె చెల్లకపోవుట యేమి ధర్మము?

కావున ప్రభుత్వమువారికి మా విన్నపము ఇది. దారులను రెండు తెగలుగ విభజింపుడు. రైలును, రోడ్డును కలచోట విమానము తన కాళ్లపై తాను నిలువనిండు. వేరు దారి లేనిచోట గడువు నెత్తివేసి, ఆ వ్యయమును ఆసుపత్రి వ్యయమువలె, బడి వ్యయమువలె ఏటేట బడ్జెటులో చేర్చుడు. మైళ్లను, నిమిషములను లెక్కించుట సులభము. ఆ నిమిషములకై కాచుకొనియున్న రోగిని లెక్కలోనికి తెచ్చుటయే పరిపాలన.