బేరమాడే హక్కు లేని జీతం

2025 జులై 1 నుంచి అమెరికాలోని పెద్ద యూనివర్సిటీలు తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లిస్తున్నాయి. వందేళ్లకు పైగా అపచారంగా చూసిన పని ఇప్పుడు పద్దు పుస్తకాలకెక్కింది. కాలేజీ క్రీడలను నడిపించే జాతీయ సంఘం ఎన్‌సీఏఏకూ, యూనివర్సిటీల కూటములైన పెద్ద కాన్ఫరెన్సులకూ, ఆటగాళ్లకూ మధ్య ‘హౌస్’ కేసులో కుదిరిన రాజీకి ఫెడరల్ న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆ ఏడాది జూన్ 6న ఆమోదముద్ర వేశారు. దాని ప్రకారం 2016 నుంచి ఆడినవారికి పాత బాకీ కింద పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. ఇకపై ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు మొదటి ఏడాది దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చు. దీంతో స్కాలర్‌షిప్‌కు మించి ఆటగాళ్లకు డబ్బివ్వాలా వద్దా అన్న పాత చర్చ ముగిసిందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి ముగిసింది ఆ చర్చలో సులువైన సగమే. డబ్బివ్వడం మొదలైంది గానీ, దేనికిస్తున్నారో చెప్పడానికి ఇచ్చేవారికి ఇంకా నోరు రావడం లేదు. చాలా ఒప్పందాల్లో అది ఆటగాడి పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చే లైసెన్సు రుసుము. పనికి ప్రతిఫలమని ఒప్పుకుంటే పనిచేసేవాడి హక్కులనూ ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ గుర్తింపు లేకుండా చేతిలో పెట్టేది ఎంత పెద్ద మొత్తమైనా బక్షీసే అవుతుంది, జీతం కాదు.

అక్కడి కాలేజీ ఆటల స్థాయిని మన అనుభవంతో కొలవలేం. మనకు అంతర్ విశ్వవిద్యాలయ పోటీలంటే ప్రేక్షకులు లేని మైదానాలు, గెలిస్తే పత్రికలో రెండు లైన్లు, అదృష్టం బాగుంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో రగ్బీని పోలిన వారి ఫుట్‌బాల్ చూడటానికి ఒకేసారి లక్షా ఏడు వేల మందికి పైగా కూర్చోవచ్చు. మార్చిలో జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీ ప్రసార హక్కులను 2032 వరకు పొడిగించుకోవడానికి టీవీ సంస్థలు 2016లో 880 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నాయి. ఫుట్‌బాల్ ప్లేఆఫ్ కోసం ఈఎస్‌పీఎన్ 2024లో ఆరేళ్లకు 780 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఇంత సొమ్ము ఆటగాళ్ల వైపు పోకూడదని కట్ట వేసినప్పుడు అది వేరే కాలువల్లో పారింది. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ 2023లో ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ను తప్పించినప్పుడు ఒప్పందం ప్రకారం ఆయనకు చెల్లించాల్సి వచ్చింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. పని చేయించుకోవడానికి కాదు, మానిపించడానికి అయిన ఖర్చు అది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వోద్యోగులందరిలోకీ ఎక్కువ జీతం అందుకునేది గవర్నర్ కాదు, ఫుట్‌బాల్ కోచో బాస్కెట్‌బాల్ కోచో. కోచ్‌కు మార్కెట్ ధర ఉంది, ప్రసారానికి ధర ఉంది, టికెట్‌కు ధర ఉంది. ఆడేవాడికి మాత్రం ధర కడితే ఆట మైలపడుతుందన్నారు.

ఈ ఏర్పాటును ఇంతకాలం నిలబెట్టింది ఒక మాట: ‘స్టూడెంట్ అథ్లెట్’, అంటే విద్యార్థి క్రీడాకారుడు. వినడానికి ముచ్చటైన మాటే గానీ పుట్టుక అంత ముచ్చటైనది కాదు. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ ఆటగాడు మైదానంలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో ప్రాణం పోయిన కార్మికుడి కుటుంబానికి చట్టం ఇచ్చే పరిహారం తనకూ ఇప్పించాలని అతని భార్య కోరింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదంటూ 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమె వినతిని తోసిపుచ్చింది. ఆటకు బదులుగా స్కాలర్‌షిప్ ఇవ్వడాన్ని ఎన్‌సీఏఏ బాహాటంగా అనుమతించింది కూడా ఆ రోజుల్లోనే. స్కాలర్‌షిప్ తీసుకుని ఆడేవాడు కోర్టుల కంటికి ఉద్యోగిలా కనిపిస్తాడేమోనన్న భయం నుంచే ఈ మాటను తయారుచేసి అన్ని నిబంధనల్లోనూ చొప్పించామని, మూడున్నర దశాబ్దాలు ఎన్‌సీఏఏను నడిపిన వాల్టర్ బైయర్స్ 1995లో తన పుస్తకంలో రాశారు. ఎన్‌సీఏఏ 1906లో ఏర్పడిందే ఫుట్‌బాల్ మైదానాల్లో చావులు చూసి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకోవడం వల్ల. ఆటగాళ్ల ప్రాణరక్షణకు పుట్టిన సంస్థ, అర్ధ శతాబ్దం తిరిగేసరికి ఆటగాడి ప్రాణానికి పూచీ తప్పించుకునే మాట కనిపెట్టింది.

అయినా నాలుగేళ్ల చదువు, వసతి, భోజనం ఉచితంగా దొరుకుతుంటే అదే జీతం కాదా అన్నది మొదటి అభ్యంతరం. అమెరికాలో ఫీజుల సంగతి తెలిసిన ఏ తెలుగు తల్లిదండ్రులకైనా ఈ మాట సబబుగానే తోస్తుంది. కానీ అక్కడే చదువుతున్న వారి పిల్లలకు ఇందులోని లొసుగు ఇట్టే తెలుస్తుంది. టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దొరికిన విద్యార్థికి సాధారణంగా ఫీజు మాఫీ అవుతుంది, దానిపైన నెలనెలా స్టైపెండ్ వస్తుంది. చదువు ఉచితం కాబట్టి ల్యాబ్‌లో ఊరికే పనిచెయ్యమని ఎవరూ అనరు. అలాంటివారు విద్యార్థులే అయినా ఉద్యోగులు కూడా అని 2016లో కొలంబియా యూనివర్సిటీ కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు తేల్చింది. మన హౌస్ సర్జన్లు, పీజీ డాక్టర్లు చదువుకుంటూనే స్టైపెండ్ తీసుకుంటారు, అది ఆగితే సమ్మె చేస్తారు. దానివల్ల వైద్య విద్య చెడిపోయిందని ఎవరూ అనలేదు. ఎఫ్-1 వీసాపై వెళ్లిన విద్యార్థి చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆటగాడి శిక్షణకు ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితి కూడా వారానికి 20 గంటలే. ప్రయాణాలు, చికిత్సలు, ‘ఐచ్ఛిక’ సాధనలు అందులోకి రావు. వాటినీ కలిపితే అగ్రశ్రేణి ఆటగాడి వారం 30 గంటలు దాటిపోతోందని ఎన్‌సీఏఏ సొంత సర్వేలే చెబుతున్నాయి. లైబ్రరీ కౌంటర్‌లో గడిపిన గంటలు పని, లక్షమంది ముందు ఎముకలు విరిగేలా ఆడిన గంటలు చదువులో భాగం అనడం ఏ లెక్క?

దెబ్బల విషయానికి వస్తే స్కాలర్‌షిప్ లెక్క మరింత బోలుగా మోగుతుంది. చదువు నాలుగేళ్లలో పూర్తవుతుంది, మోకాలి నొప్పి జీవితాంతం ఉంటుంది. పరిశోధనకు దానం చేసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించిన బోస్టన్ పరిశోధకులు 2017లో ఫలితాలు ప్రకటించారు. కాలేజీ స్థాయి వరకు ఆడిన 53 మందిలో 48 మందికి, పదేపదే తలకు తగిలే దెబ్బలతో ముడిపడిన సీటీఈ అనే క్షీణత కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేసి ఉంటాయి కాబట్టి ఈ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ అంటగట్టలేం. కానీ ముప్పు ఊహ కాదని చెప్పడానికి అది చాలు. ఈ వ్యాధి లక్షణాలు తరచూ ఏళ్లు, దశాబ్దాలు గడిచాక బయటపడతాయి. ఆట ముగిసిన తర్వాత గాయాల చికిత్సకు ఎన్‌సీఏఏ 2024 ఆగస్టులో తెచ్చిన బీమా రెండేళ్ల వరకే. ఉద్యోగి అయితే కార్మిక పరిహార చట్టం ఆదుకునేది. విద్యార్థి కాబట్టి సంస్థ దయ.

రెండో అభ్యంతరం ఆట స్వచ్ఛత గురించి. డబ్బు చేరితే కాలేజీ ఆటకున్న ప్రత్యేక ఆకర్షణ పోతుందని, జనం చూడటం మానేస్తారని ఎన్‌సీఏఏ దశాబ్దాల పాటు కోర్టుల్లో వాదించింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పిచ్చారు. వెంటనే జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటోలతో ప్రకటనల్లో సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది. స్టేడియాలేమీ ఖాళీ కాలేదు. పైన చెప్పిన 780 కోట్ల ప్లేఆఫ్ ఒప్పందం ఆ తర్వాత కుదిరిందే. ఒలింపిక్స్ కూడా 1980ల్లో ప్రొఫెషనల్స్‌కు తలుపు తెరిచింది, 1992లో బార్సిలోనాకు వచ్చిన అమెరికా బాస్కెట్‌బాల్ జట్టును ప్రపంచం కళ్లప్పగించి చూసింది. ఇక చదువుకే తొలి పీట అన్న మాటకు సాక్ష్యం కావాలంటే మ్యాప్ తెరవాలి. పసిఫిక్ తీరాన ఉన్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ 2024లో టీవీ ఆదాయాల లెక్కలో ‘అట్లాంటిక్ కోస్ట్’ కాన్ఫరెన్సులో చేరాయి. వారం మధ్యలో ఖండాన్ని దాటి ఆడి వచ్చే పిల్లల చదువు ఏమవుతుందన్నది ఆ సంతకాలను ఆపలేదు. డబ్బు వల్ల ధనిక జట్లే గెలుస్తాయన్న వాదనా ఇలాంటిదే. ఎవరికీ పైసా ఇవ్వకూడదన్న రోజుల్లోనే అలబామా 2009 నుంచి 2020 మధ్య ఆరు జాతీయ టైటిళ్లు ఎగరేసుకుపోయింది.

అసలు బరువున్న అభ్యంతరం మూడోది. ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ తెచ్చే సొమ్మే ఈత, రెజ్లింగ్, జిమ్నాస్టిక్స్ వంటి ఆటలను పోషిస్తోంది. ఆ సొమ్ము ఆటగాళ్ల జేబుల్లోకి వెళితే ఆ జట్లు మూతపడతాయి, ఒలింపిక్ పతకాల పునాది కదులుతుంది, 1972 నాటి టైటిల్ 9 చట్టం స్త్రీలకు ఇచ్చిన సమానత్వం పేరుకే మిగులుతుంది. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. చాలా యూనివర్సిటీలు పంపకంలో నాలుగింట మూడొంతులు ఫుట్‌బాల్‌కే కేటాయించాయి. పాత బాకీల పంపకం స్త్రీలకు అన్యాయం చేసిందంటూ కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు. కానీ ఈ వాదన ఎవరి జేబులోంచి దానం చేయమంటోందో చూడాలి. ఆదాయం తెచ్చే ఈ రెండు ఆటల్లో నల్లజాతి యువకుల వాటా జనాభాలో వారి వాటాకు ఎన్నో రెట్లు. వారి కష్టార్జితంతో మిగతా ఆటలను పోషించి, ఆ ఔదార్యం తనదని యూనివర్సిటీ చెప్పుకోవడం అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్లే. ఈత, రెజ్లింగ్ విద్యలో భాగమైతే లైబ్రరీకి, ప్రయోగశాలకు ఇచ్చినట్లే యూనివర్సిటీ తన బడ్జెట్ నుంచి ఇవ్వాలి. దేశ గౌరవానికి అవసరమైతే దేశం భరించాలి. అంతకంటే ముందు, తప్పుకున్న కోచ్‌కు కోట్లు ముట్టజెప్పగల శాఖలు ఈత కొలను దగ్గరకొచ్చేసరికి లోటు చూపించడం మానుకోవాలి.

ఇలా చెల్లించడం న్యాయమైతే ఇప్పటి రాజీతో చిక్కేమిటి? ఆ 2.05 కోట్ల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తెలుస్తుంది. పెద్ద కాన్ఫరెన్సుల క్రీడా ఆదాయాల్లో కొన్ని పద్దుల సగటు తీసి అందులో 22 శాతం లెక్కగట్టారు. ఎన్‌ఎఫ్‌ఎల్, ఎన్‌బీఏలలో ఆటగాళ్ల వాటా దాదాపు సగం. అక్కడ ఆ వాటా కోసం ఆటగాళ్ల యూనియన్లు కూర్చుని బేరమాడాయి. ఇక్కడ ఆటగాళ్ల తరఫున మాట్లాడింది లాయర్లు. పరిమితి ఏటా కొంత పెరిగినా రాజీ గడువు పదేళ్లు కాబట్టి, ఇవాళ ప్రాథమిక పాఠశాలలో ఉన్న పిల్లవాడికి కూడా వాడిని అడగకుండానే ధర కట్టేసినట్లయింది. కొనేవాళ్లంతా కూడబలుక్కుని ధరపై పరిమితి పెట్టుకోవడాన్ని అమెరికా పోటీ చట్టాలు ఒప్పవు. ప్రొఫెషనల్ లీగుల్లో జీతాల పరిమితి చెల్లుబాటు కావడానికి కారణం దాని వెనుక యూనియన్ సంతకం ఉండటమే. ఎన్‌సీఏఏ ఆ రాజమార్గం వదిలి అమెరికా చట్టసభ కాంగ్రెస్ తలుపు తడుతోంది. 2025 జులైలో ప్రతినిధుల సభ ముందుకొచ్చిన స్కోర్ బిల్లు పోటీ చట్టాల నుంచి రక్షణ ఇస్తూనే, ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టంలో రాసేయాలంటుంది. ఆటగాళ్లు ఏటా జట్లు మారుతున్నారని వాపోయే కోచ్‌లు కూడా ఇక్కడే ఆలోచించాలి. ఉద్యోగ ఒప్పందం ఉంటే గడువు ఉంటుంది, నోటీసు ఉంటుంది, రెండు వైపులా కట్టుబాటు ఉంటుంది. బాధ్యత వద్దనుకున్నవారు విధేయతను ఆశించలేరు.

ఈ దారి నల్లేరు మీద నడక కాదు. పెద్ద జట్లలో ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీలవి. ఫెడరల్ కార్మిక చట్టం వాటికి వర్తించదు, కొన్ని రాష్ట్రాలు ప్రభుత్వోద్యోగుల సమష్టి బేరసారాలనే నిషేధించాయి. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఆటగాళ్లు యూనియన్ కోసం చేసిన ప్రయత్నంపై 2015లో కార్మిక బోర్డు తన అధికారాన్ని వాడనన్నది. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ జట్టు 2024 మార్చిలో 13–2 ఓట్లతో యూనియన్‌కు మొగ్గుచూపి, ప్రభుత్వం మారబోతున్న వేళ డిసెంబరులో వెనక్కి తగ్గింది. అయితే అందరినీ ఉద్యోగులను చేయాలని ఎవరూ అడగడం లేదు. క్రీడా స్కాలర్‌షిప్పే లేని చిన్న కాలేజీలో సాయంత్రం టెన్నిస్ ఆడే అమ్మాయి విద్యార్థే. ఆటగాడిపై సంస్థ అదుపు ఎంత, ఆడేది ప్రధానంగా ఎవరి లాభానికి, బదులుగా ఏదైనా ముడుతోందా అని చూసి తేల్చుకోవచ్చని 2024 జులైలో జాన్సన్ కేసులో మూడో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు కొలబద్ద చూపింది. దానితో కొలిస్తే గీత ఎక్కడ గీయాలో దాదాపు తెలిసిపోతుంది. రాష్ట్ర చట్టాల అడ్డంకి తొలగించే శక్తి కాంగ్రెస్‌కుంది. మినహాయింపులు రాయడానికి తీసిన కలాన్ని అందుకూ వాడవచ్చు.

1955 నాటి మరణంపై వేసిన ఆ దావాలో కోర్టు ముందున్నది చిన్న ప్రశ్న. అతను ఆడుతూ చనిపోయాడా, పనిచేస్తూ చనిపోయాడా? అప్పుడు స్కాలర్‌షిప్ పేరుతో, ఇప్పుడు లైసెన్సు రుసుము పేరుతో యూనివర్సిటీలు దానికి జవాబు దాటేస్తూనే ఉన్నాయి. 280 కోట్ల డాలర్ల రాజీ పాత బాకీకి లెక్క తేల్చింది గానీ ఆ ప్రశ్న బాకీ తీర్చలేదు. పని అని ఒక్కసారి ఒప్పుకుంటే, ధర ఎంతన్నది ఆటగాళ్లు బల్లకు అవతలి వైపు కూర్చుని తేల్చుకోగలరు.