ఎండ ఉన్నప్పుడే నీళ్లు కాచుకుందాం

చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానమంటే ఏమిటో హాస్టల్ విద్యార్థులమైన మాకు ఒకరు చెప్పనక్కరలేదు. చలికి జంకి స్నానం ఎగ్గొట్టే చిన్న తరగతుల తమ్ముళ్లను రోజూ చూస్తున్నాం.

200 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు కాచడానికి గీజరుకు సుమారు 7 యూనిట్ల కరెంటు కావాలి. హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీటికిస్తుంది కనుక అందులో దాదాపు మూడో వంతు చాలు. అయితే దాన్ని తెల్లవారుజామున నడిపితే సోలార్ పలకలకు ఎండ ఉండదు, గాలి చల్లగా ఉండి కరెంటు కూడా ఎక్కువ తింటుంది. టైమరును పగలు 11 నుండి 3 గంటల మధ్యకు పెడితే ఎండ, వెచ్చని గాలి రెండూ కలిసివస్తాయి. వేడి పోకుండా కట్టిన ట్యాంకులో ఆ నీళ్లు మర్నాటి ఉదయానికీ వేడిగానే ఉంటాయి. బ్యాటరీ ఖర్చే అక్కరలేదు.

ఇంటిపై సోలార్ పెట్టుకున్న పూర్వ విద్యార్థులారా! ముందు మీ ఇంట్లో ఇలా నడిపి, కరెంటు బిల్లు చూసుకోండి. ఆ లెక్క చేతబట్టి మన హాస్టల్ మిద్దెకూ పలకలు, హీట్ పంపు కావాలని అధికారులను అందరం కలిసి అడుగుదాం. చదువుకునే పిల్లలకు వేడినీళ్లు విలాసం కాదు, అవసరం.