చుక్కాని ఎవరి చేతిలో?

రెజైనాలో ఉండేవాళ్ళకి వాస్కానా లేక్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండలు రాగానే అందరం అక్కడికే వెళ్తాం. ఒడ్డు వెంబడి నడవడానికి చక్కటి దారి ఉంది, వీల్‌చెయిర్ కూడా సాఫీగా వెళ్తుంది. మరి ఆ దారి నుంచి పడవ దాకా? పడవ ఎక్కే చోట మెట్లు ఉన్నాయా, ర్యాంపు ఉందా? వీల్‌చెయిర్‌లోంచి పడవలోకి దించే లిఫ్ట్ ఉందా? ఈసారి వెళ్ళినప్పుడు మీరే చూడండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నడవలేని పిల్లల్ని, డబ్బు ఇబ్బంది ఉన్న ఇళ్ళ పిల్లల్ని ఏడాదికోసారి పడవలో తిప్పి తీసుకురావడం మంచి పనే. కానీ అది చాలదు. వాళ్ళ చేతికి చుక్కాని ఇవ్వాలి. పడవ ఎటు వెళ్ళాలో వాళ్ళే నిర్ణయించాలి. పక్కవాళ్ళు తిప్పితే అది షికారు. తానే నడిపితే అది విద్య.

"అమ్మో, ప్రమాదం కదా!" అని పెద్దవాళ్ళు అంటారు. ఆ భయం సహజమే. కానీ దానికి జవాబు మన కెనడాలోనే ఉంది. వాంకూవర్‌కి చెందిన సామ్ సల్లివన్‌కి 19 ఏళ్ళప్పుడు స్కీయింగ్‌లో మెడకు దెబ్బ తగిలి, కాళ్ళూ చేతులూ చాలావరకు పడిపోయాయి. ఆయన 1989లో వికలాంగుల కోసం తెరచాప పడవల సంఘం మొదలుపెట్టారు. తర్వాత ఆ నగరానికి మేయర్ కూడా అయ్యారు. ఇలాంటి వాళ్ళ కోసమే అక్కడ మార్టిన్ 16 అనే పడవ తయారైంది. దాని అడుగున బరువు ఉంటుంది కాబట్టి అది బోల్తా పడడం చాలా కష్టం. నేర్పేవాళ్ళు వెనక సీట్లో కూర్చుంటారు. చేతులు కదలనివాళ్ళు కూడా గొట్టంలోకి గాలి ఊది, పీల్చి, ఆ పడవను నడపగలరు!

"పేద పిల్లలకి ఇవన్నీ ఎందుకు?" అని అడిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకి హైదరాబాద్ చూపిద్దాం. అక్కడ సుహేమ్ షేక్ 2009లో యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ స్థాపించారు. ప్రభుత్వ బడుల పిల్లలకి, పేదింటి పిల్లలకి హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలు నేర్పించారు. అలా నేర్చుకున్న కొంగర ప్రీతి 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత్ తరఫున పోటీ చేసింది. అవకాశం ఇస్తే ఎవరు ఎంత దూరం వెళ్తారో ముందే ఎవరు చెప్పగలరు?

ఇక ఖర్చు మాట. హుస్సేన్ సాగర్ లాగే వాస్కానా లేక్ కూడా మనుషులు కట్టుకున్న చెరువే. 1883లో వాగుకి అడ్డంగా కట్ట కట్టారు. 1930లలో పనులు దొరకని కష్టకాలంలో రెండు వేల మందికి పైగా పారలు పట్టుకుని దాన్ని లోతుగా తవ్వారు. ఆ మట్టితోనే దీవులు కట్టారు. 2004లో మళ్ళీ తవ్వించారు. చేత్తో చెరువు తవ్వుకున్న ఊరికి ఒక ర్యాంపు, ఒక లిఫ్ట్, నాలుగు పడవలు పెద్ద లెక్కా?

పైగా వికలాంగులకు ఎదురయ్యే అడ్డంకులను తొలగించడానికి సస్కాచెవాన్‌లో ఒక చట్టం 2023 డిసెంబర్ 3న అమల్లోకి వచ్చింది. చట్టం ఉంటే సరిపోదు, అడిగేవాళ్ళు ఉండాలి. మీ వయసు వాళ్ళు అడిగితే పెద్దలు వింటారు. మన ఊళ్ళో వేసవి ఎంత చిన్నదో మీకు తెలుసు. ఒక్క ఏడాది ఆలస్యమైనా ఒక పిల్లవాడు మరో వేసవంతా ఒడ్డునే కూర్చోవాలి.

మీరేమంటారు?
1. "షికారు", "విద్య" అనే మాటలకి ఇక్కడ తేడా ఏమిటి? మీ మాటల్లో చెప్పండి.
2. నా అభిప్రాయంతో మీరు ఒప్పుకోకపోతే, ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి.
3. ఒప్పుకుంటే, మన నగర మేయర్‌కి తెలుగులో ఒక ఉత్తరం రాసి, ఇంట్లో చదివి వినిపించండి. తర్వాత ఇంగ్లీషులోకి మార్చి, నిజంగానే పంపండి.