దేవుడి గూడు, అమెరికా కాల్

నాన్నది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఏ షిఫ్టు అయితే తెల్లారకముందే వెళ్ళిపోవాలి, బి అయితే వచ్చేసరికి మేం నిద్రలో. అందుకే ఉక్కునగరం క్వార్టర్లో మా దణ్ణానికి గడియారంతో పని లేదు. నాన్న ఇంట్లో ఉన్న పూట, అన్నం ముందు, సింహాద్రి అప్పన్న పటం దగ్గర ఐదు నిమిషాలు. అంతే.

ఇప్పుడు నాకు మూడేళ్ళ కూతురు. నేనేమో తెలివిగా సాయంత్రం 7 గంటలకి అని టైం పెట్టాను. సరిగ్గా అప్పుడే అమెరికా వాళ్ళ కాల్! వారం తిరక్కుండా అటకెక్కింది. పైగా కదలకుండా కూర్చోమని కసిరానేమో, దణ్ణం అంటేనే ఏడుపు మొహం పెట్టేది. తప్పు నాదే.

నన్నడిగితే ఈ వయసు పిల్లలకి పెద్ద పెద్ద స్తోత్రాలు అనవసరం. బురుజుపేట కనకమహాలక్ష్మి గుళ్ళో చూడండి.. అమ్మవారికి పైకప్పు లేదు, ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు. ఇంట్లోనూ అంతే, పిల్లల్ని చెయ్యనివ్వాలి. గంట పాప చేతికిచ్చేశాం. పువ్వు తనే పెడుతుంది, ఒక్కోరోజు వినాయకుడికి బిస్కట్ కూడా :)

టైం మళ్ళీ నాన్న పద్ధతే, అన్నం ముందు. ఎనిమిదిన్నరైనా సరే. ఫోన్ మాత్రం పక్క గదిలో పెట్టాలని మా ఆవిడ రూలు. అదే నాకు కష్టంగా ఉంది. నిన్న మర్చిపోయి జేబులోనే ఉంచుకున్నా. అది వణగ్గానే చెయ్యి దానంతటదే వెళ్ళింది. చూస్తే, పాప గంట ఆపేసి నా వంకే చూస్తోంది.