తాళం తీయండి, తాళం వేస్తాం

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగి ఒక్కసారి తలెత్తి చూడండి. బోర్డులే బోర్డులు. ఐఐటీ, నీట్, గ్రూప్స్, ఎస్సై, బ్యాంకు, జావా, పైథాన్. మూడో అంతస్తు కిటికీ మీద, కరెంటు స్తంభం మీద, ఆటో వెనకాల కూడా. చైతన్యపురి దాటి ఎల్బీనగర్ చౌరస్తా దాకా ఇదే వరస. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి బ్యాగు భుజాన వేసుకుని దిగిన పిల్లాడికి ఇక్కడ దొరకని కోచింగ్ లేదు, దొరకని హాస్టల్ లేదు. దిల్‌సుఖ్ అంటే మనసుకు సుఖం. పేరులో ఉన్న ఆ మనసుకు ఈ పేటలో ఎవడైనా ఓ ముద్ద పెడుతున్నాడా?

‘మ్యూజిక్ క్లాసులు ఉన్నాయి కదండీ’ అంటారు మీరు. ఉన్నాయి, తెలుసు. మేడ మీద ఇరుకు గదిలో అద్దె కట్టుకుంటూ పాఠం చెప్పే టీచర్ల మీద నాకు పల్లెత్తు మాట లేదు. నా కోపం మీ మీద. ఆరేళ్ల పిల్లను చేర్పిస్తారు. పట్టు లంగా కట్టించి స్టేజీ ఎక్కించి ఫొటోలు తీసి బంధువులందరికీ పంపిస్తారు. ఆ పిల్ల అలంకారాలు దాటి, గీతాలు దాటి, వర్ణం అందుకునేసరికి తొమ్మిదో తరగతి వస్తుంది. అంతే, హార్మోనియం అటక ఎక్కుతుంది. టెన్త్ అయ్యాక చూద్దాం, ఇంటర్ అయ్యాక చూద్దాం, ఎంసెట్ అయ్యాక చూద్దాం. ఆ ‘అయ్యాక’ మీ ఇంట్లో ఎప్పుడైనా వచ్చిందా? గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి. అదే తండ్రి రాత్రి టీవీ ముందు కూర్చుని ఎవరి పిల్లో పాడుతుంటే కళ్లు తుడుచుకుంటాడు. 1996లో ‘పాడుతా తీయగా’ మొదలైనప్పటి నుంచీ చూస్తున్నాను ఈ కన్నీళ్లను. ఊరివాళ్ల పిల్ల పాడితే దేవత. సొంత పిల్ల పాడితే టైం వేస్ట్.

ఇక పెద్దవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు. నలభై దాటినవాడు సరళీ స్వరాలు నేర్చుకుంటానంటే, ‘ఈ వయసులో మీకెందుకండీ’. అరవై దాటినామె అడిగితే భజన మండలిలో చేరమని సలహా. వయసు దాటినవాడు అప్పు చేసి అపార్టుమెంటు కొంటే ఎవడూ నవ్వడు. పాట నేర్చుకుంటానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ నవ్వొస్తుంది.

మా కాలనీలో కమ్యూనిటీ హాలు ఉంది. చందాలతో కట్టుకున్నదే, నా చందా కూడా అందులో ఉంది. వారానికి రెండు రోజులు, గంటసేపు, వయసుతో పని లేకుండా, ఫీజు లేకుండా సంగీత పాఠం పెట్టుకుంటాం, తాళంచెవి ఇవ్వండి అని సంఘం పెద్దల్ని అడిగాను. వాళ్లిచ్చిన జవాబు: ‘సౌండ్ అయితది సార్. పెద్దోళ్లున్నరు, పిల్లల చదువులున్నయ్.’

సౌండ్!

అదే హాల్లో అంతకు ముందు వారమే బారసాల జరిగింది. రాత్రి పదకొండింటి దాకా డీజే. మా ఇంట్లో గ్లాసులు గలగలమని ఊగాయి. ఆ పెద్దోళ్లూ అక్కడే ఉన్నారు, ఆ పిల్లల చదువులూ అక్కడే ఉన్నాయి. డీజే పెట్టినవాళ్ల నుంచి హాలుకు అద్దె వస్తుంది కాబట్టి అది పండగ. ఒక చిన్న శ్రుతిపెట్టె, పది గొంతులు మాత్రం న్యూసెన్స్. వినాయక చవితికి పదకొండు రోజులు వీధంతా మైకులతో ఊదరగొట్టి, మనిషి నోరు విప్పి ‘స’ పట్టుకుంటే చెవులు మూసుకునే ఈ పెద్దమనుషులకు భక్తీ లేదు, శ్రుతీ లేదు. ఈ మాట వాళ్ల ముందే అన్నాను, మళ్లీ అంటాను.

తాళంచెవి రాలేదు. సెల్లార్‌లో మొదలుపెట్టాం. స్కూటర్ల మధ్య రెండు చాపలు. పాఠం చెప్పేది సంగీతం చదువుకుని బడి ఉద్యోగంలో ఇమిడిపోయిన ఒక అమ్మాయి. ఎదురుగా తొమ్మిదేళ్ల పిల్ల, పక్కన అరవై నాలుగేళ్ల ఆవిడ, ఆ వెనక పక్క బిల్డింగు వాచ్‌మన్, కోచింగ్ నుంచి నేరుగా వచ్చిన ఇద్దరు హాస్టల్ కుర్రాళ్లు. మాయామాళవగౌళ. మొదటి పాఠంలోనే చిక్కు: ‘రి’. అది షడ్జానికి ఆనుకుని ఉంటుంది. కొత్త గొంతు దాన్ని ఊరికే పైకి లాగేస్తుంది. ఆవిడ నలభైసార్లు లాగింది, నలభైసార్లు దింపింది. ఆది తాళం వేస్తుంటే కీళ్ల నొప్పికి చిటికెన వేలు వంగదు. పక్క పిల్ల ఆ చేతిని తన తొడ మీద పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టించింది. ‘నానమ్మా, నడిమి వేలు మర్చిపోయినవ్.’ నాలుగో వారం ఒక సాయంత్రం ఆ ‘రి’ వచ్చి కూర్చుంది. ఆవిడ పాడటం ఆపేసి మా అందరి వంకా చూసింది. ఆ ముఖం మీకు ఏ ర్యాంకుల హోర్డింగు మీదా కనపడదు.

ఇది నేను కనిపెట్టిన వింతేం కాదు. 1919లో విజయనగరంలో పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల పెట్టించాడు. ఆస్థానంలో పనిచేసే ఒకాయన కొడుక్కి చూపు లేదు, ఆ పిల్లాడికి పాట నేర్పించాలని పుట్టిన ఆలోచన అదని ఆ ఊరివాళ్లు ఈనాటికీ చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. చూపు మందగించి బడి చదువు సాగని ద్వారం వెంకటస్వామి నాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యుడై తర్వాత ప్రిన్సిపాల్ అయ్యాడు. ఘంటసాల ఆ ఊళ్లో జోలె పట్టి మధుకరం ఎత్తుకుని తిన్నాడు, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర పైసా కట్టకుండా నేర్చుకున్నాడు. ఒక ఊరు తలుపు తీసి, గిన్నెలో అన్నం పెడితే వచ్చిన గొంతు అది. ఆ గొంతును రింగ్‌టోనుగా పెట్టుకున్న మీరు హాలు తాళంచెవి ఇవ్వరు!

వెనెజువెలాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రేయు పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టింది కూడా ఒక పార్కింగ్ గరాజులోనే. అది పెరిగి ఆ దేశం నిండా పేదపిల్లల ఆర్కెస్ట్రాలయ్యాయి. మన సెల్లార్ దానికేం తీసిపోయింది?

ప్రభుత్వాన్నీ వదలను. బడి మొహం చూడని, తాపీ పట్టి పొట్ట పోసుకున్న అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను 2024లో రాష్ట్ర గీతం చేసుకున్నాం. మంచి పని. మరి దాన్ని శ్రుతిలో పాడటం జనానికి ఎక్కడ నేర్పుతారు? ఉద్యమం రోజుల్లో ధూంధాంలు కావాలి, డప్పు కావాలి, గొంగడి కావాలి. రాష్ట్రం వచ్చాక ఆ డప్పును ఎల్బీనగర్‌లో ఏ గదిలో కూర్చోబెట్టారు? రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది, 1952 నాటిది. గొప్ప చోటు. కానీ వనస్థలిపురంలో డ్యూటీ దిగినామె సాయంత్రం ట్రాఫిక్‌లో అక్కడికి చేరేదెప్పుడు, ఇంటికొచ్చి వంట చేసేదెప్పుడు? సాయంత్రమైతే సర్కారు బళ్లకు తాళాలు పడతాయి. ఆ గదులు చీకట్లో ఊరికే పడి ఉంటాయి. ఒక బల్బు, ఒక చాప, జీతమిచ్చి ఒక టీచరు. ఇంతకన్నా అడగడం లేదు.

సంప్రదాయ పండితులకూ ఒక మాట. ‘డప్పు పక్కన కీర్తనా?’ అని ఒకాయన ముక్కు చిట్లించాడు. అయ్యా, మీ సభల్లో సగం కుర్చీలు ఖాళీ. ఉన్న సగంలో నెరిసిన తలలే. వాచ్‌మన్‌ను గుమ్మం బయట నిలబెట్టి సంగీతం చచ్చిపోతోందని ఏడిస్తే ఎవరు నమ్మాలి? మా సెల్లార్ పాఠం విని రాత్రిళ్లు గేటు దగ్గర కూర్చుని జంటస్వరాలు మూడు కాలాల్లో వేసుకుంటున్నాడు అతను. వచ్చి వినండి. తప్పుంటే దిద్దండి.

ఇప్పుడు సెల్లార్ కూడా ఖాళీ చేయమన్నారు. ఎవరి కారుకో చోటు కావాలట. సరే. ఈ ఆదివారం ఉదయం ఆరున్నరకు కమ్యూనిటీ హాలు ముందు కూర్చుంటాం. తాళం తీస్తే లోపల, తీయకపోతే మెట్ల మీద. నానమ్మ వస్తుంది, తొమ్మిదేళ్ల పిల్ల వస్తుంది, వాచ్‌మన్ తన తమ్ముడితో డప్పు తెప్పిస్తున్నాడు. సౌండ్ అయితది.