తొక్కేవాళ్లూ... మోసేవాళ్లూ!

జేక్ జిల్లెన్‌హాల్ అంటే ఇంగ్లీషు సినిమాలు చూసే మన కుర్రకారుకి కొత్త పేరేం కాదు. ఆయనగారి తండ్రి స్టీఫెన్ జిల్లెన్‌హాల్ కూడా దర్శకుడే. ఈ పెద్దాయన 2023లో ‘అన్‌చారిటబుల్’ అని ఓ డాక్యుమెంటరీ తీశాడు. అందులో హీరో లేడు, హీరోయిన్ లేదు, డ్యూయెట్టు అసలే లేదు. ఎడ్వర్డ్ నార్టన్ లాంటి పేరున్న నటుడు కనిపిస్తాడు గాని వేషం కట్టి కాదు, మాట్లాడటానికి. ఉన్నదల్లా ఒకటే గొడవ: దానం చేసిన రూపాయిలో ఎన్ని పైసలు ఖర్చులకి పోనివ్వొచ్చు?

ఇదేం సినిమా అంటారా? నేనూ అలాగే అనుకుని కూర్చున్నాను. తీరా చూస్తే దీని వెనకాల బోలెడన్ని సైకిళ్లు ఉన్నాయి.

డాన్ పాలోటా అని ఓ అమెరికన్. 1983లో హార్వర్డులో చదువుకునే రోజుల్లోనే, ఆకలిగొన్నవారికోసం తోటి విద్యార్థుల్ని వెంటేసుకుని అమెరికాకి ఆ కొసనుంచి ఈ కొసకి సైకిలు తొక్కాడు. 1994లో ఎయిడ్స్ రోగులకోసం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్‌కి ఓ సైకిలు యాత్ర మొదలెట్టాడు. ఆ జబ్బుకి గట్టి మందులు కలిపి ఇవ్వడం 1996లో గాని రాలేదు. అంటే మొదటి రెండు యాత్రల్లోనూ తొక్కినవాళ్లు స్నేహితుల్ని వరసగా కాటికి సాగనంపుతున్న మనుషులన్నమాట. ఊరికే ఇంట్లో కూర్చోలేక తొక్కారు.

ఖర్చుల దగ్గర పేచీ వచ్చి, శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిడ్స్ ఫౌండేషనూ, లాస్ ఏంజెలిస్ ఎల్‌జీబీటీ సెంటరూ పాలోటాతో తెగతెంపులు చేసుకున్నాయి. 2002 నుంచి ఆ రెండు సంస్థలే ‘ఎయిడ్స్ లైఫ్‌సైకిల్’ పేరుతో యాత్ర నడిపాయి. ఏడు రోజులు. 545 మైళ్లు. మన లెక్కలో సుమారు 877 కిలోమీటర్లు. హైదరాబాదులో ఎక్కి మద్రాసులో దిగి, అక్కణ్నించి ఇంకో రెండువందల యాభై తొక్కితే ఎంతో అంత!

అన్నట్టు, మా పెద్దమ్మగారబ్బాయి కాలిఫోర్నియాలో ఉంటున్నాడు. ఓ ఏడాది ఈ యాత్రకి వెళ్లొచ్చాడని తెలిసి ఫోను చేశాను.

‘‘అన్నయ్యా, అన్ని మైళ్లు ఎలా తొక్కావు?’’ అన్నాను.

‘‘తొక్కడమా? నేను సైకిలెక్కలేదురా తమ్ముడూ. లారీ ఎక్కాను. సంచులు మోశాను’’ అన్నాడు, అదేదో గోల్డ్ మెడల్ అయినట్టు.

తొక్కేవాళ్లు రెండువేల పైచిలుకైతే, మోసేవాళ్లు ఐదారువందలమంది. వాళ్లని రోడీలంటారు. ఈ మాట పాటలవాళ్ల దగ్గర్నుంచి వచ్చింది లెండి. రాక్ గాయకుల వెంట స్పీకర్లూ డప్పులూ మోసుకుంటూ ఊరూరా తిరిగేవాళ్లకి ఆ పేరు. జీతం బత్తెం ఏమీ లేదు. ఆఫీసుకి సెలవు పెట్టుకుని వచ్చి ఏడు రోజులు కూలిపని చేస్తారు.

అన్నయ్య చెప్పుకుపోతూ ఉంటే నాకు అచ్చంగా మన అవుట్‌డోర్ షూటింగే కళ్లకి కట్టింది. ఇంకా చీకటుండగానే లేవడం. ఎవరి గుడారం వాళ్లు మడిచి, ఎవరి సంచి వాళ్లు లారీ దగ్గరికి ఈడ్చుకురావడం. లారీకో అక్షరం, గుడారానికో నంబరు. తొక్కేవాళ్లు రోడ్డెక్కగానే రోడీలు ఊరికి ఊరే చుట్టచుట్టి లారీల్లో పడేసి, వాళ్లకంటే ముందుపోయి మరోచోట నిలబెట్టాలి. వంటశాల, ఆస్పత్రి, స్నానాలకి లారీలమీద కట్టిన గదులు, ఒళ్లు పట్టేవాళ్లు, సైకిలు మెకానిక్కులు అన్నీ మళ్లీ మొదటికి! మన ప్రొడక్షన్ మేనేజర్లు ఓసారి వెళ్లి చూడాల్సిన వైభవం. మన దగ్గర హీరోగారి కుర్చీ ఒక్కటి సమయానికి రాకపోతే షూటింగు కేన్సిలు కదా.

దారిలో పది పదిహేను మైళ్లకో మజిలీ. నీళ్లు, అరటిపళ్లు, ఉప్పుబిళ్లలు. అక్కడి రోడీలు ఊరికే నీళ్లు పోసి పంపరట. రోజుకో వేషం! విగ్గులు, పాటలు, తళుకుబట్టలు. సురభివాళ్లు సీను మార్చినట్టు నిన్నటి దేవలోకం ఇవాళ సర్కసైపోతుంది. తొడలు ఒరుసుకుని పుళ్లు పడకుండా రాసుకునే లేపనం కూడా ఆ మజిలీల్లోనే. మొదటిరోజు సిగ్గుపడ్డవాళ్లు మూడోరోజుకి డబ్బా ఎక్కడా అని కేకలేస్తారట. నాలుగురోడ్ల కూడళ్లలో మోటారుసైకిళ్ల రోడీలు కాపలా. అలిసి కూలబడ్డవాళ్లని, వేళ దాటినా ఇంకా వెనకే ఉన్నవాళ్లని వ్యాన్లు ఎక్కించుకొస్తాయి. ‘‘ఆ వ్యానెక్కేటప్పుడు ఏడవనివాణ్ని చూళ్లేదురా’’ అన్నాడు అన్నయ్య.

ఐదోరోజు అందరూ ఎర్రబట్టలు కడతారు. గడ్డాలూ మీసాలూ ఉన్న భారీ మనుషులు కూడా ఎర్ర గౌన్లు తొడుక్కుని కొండదారి ఎక్కుతుంటే, దూరాన్నించి చూసేవాళ్లకి కొండకి ఎర్ర రిబ్బను చుట్టినట్టే. ఆరోరాత్రి వెంచురా అనే ఊళ్లో సముద్రపొడ్డున కొవ్వొత్తులు పట్టుకుని నడుస్తారు. వేలమంది, ఒక్కరి నోటా మాటుండదు. ఆ జబ్బు తమకే ఉండి కూడా తొక్కేవాళ్లు కొందరు, సైకిళ్లకి నారింజరంగు జెండాలు కట్టుకుని, వాళ్లలోనే. సంచులు మోసి పుచ్చిపోయిన భుజాలతో అన్నయ్య ఎక్కడో వెనకవరసలో నిలబడ్డాడట. ఆ సంగతి అడిగితే వాడు మాట మార్చేశాడు. నేనూ రెట్టించలేదు.

ఇక డబ్బు సంగతి. తొక్కే ప్రతివాడూ ఊరంతా తిరిగి చందాలు పోగుచెయ్యాలి. చాలా ఏళ్లపాటు తలకి కనీసం 3,000 డాలర్లని నియమం. 1994 నుంచి కూడితే మొత్తం 30 కోట్ల డాలర్లు దాటింది! మరి ఇన్ని లారీలు, గుడారాలు, వంటలు ఉత్తినే వస్తాయా? ‘‘ఆ ఖర్చేదో నేరుగా రోగులకే ఇచ్చెయ్యకూడదూ?’’ అని మా రూమ్మేటు అడిగాడు. అమెరికాలో ఎప్పట్నుంచో అడుగుతున్నదీ ఇదే. పాలోటా కంపెనీ 2002లో మూతపడింది. 350 మంది ఉద్యోగాలు పోయాయి. ఖర్చు అని ముద్ర వేసి మమ్మల్ని తుడిచిపెట్టారు, తరవాత దానాలే పడిపోయాయి అని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. జిల్లెన్‌హాల్ తీసింది కూడా ఆయన పుస్తకాన్ని పట్టుకునే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సినిమా ఆయన పక్షానే గట్టిగా మొగ్గింది. అవతలివాళ్ల వాదన ఇంకాస్త వినిపిస్తే బాగుండేది. కాని ఆయన మాటలో నిజం లేకపోలేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు రామారావుగారు, నాగేశ్వరరావుగారు జోలెపట్టి ఊరూరా తిరిగారు. జనం చేతికందింది వేశారు. అదే సొమ్ము ఇమ్మని పేపర్లో చిన్న ప్రకటన వేస్తే అంతమంది కదిలేవారా? ఎదురుగా మనిషి నిలబడాలి, ఒళ్లు అలవాలి. అప్పుడు గాని మన చెయ్యి జేబులోకి పోదు. మరి ఆ యాత్రల్లో కార్లకి పెట్రోలు పోయించిందెవరు, చిల్లర లెక్కపెట్టిందెవరు, అంతమందికి అన్నాలు వండిందెవరు? ఫోటోల్లో వాళ్లు లేరు.

అలాగని ఖర్చు ఎంతైనా ఫరవాలేదనను. నిర్మాత డబ్బు తగలేస్తే నిర్మాతే మునుగుతాడు. రోగి పేరు చెప్పి తెచ్చిన డబ్బు అలా కాదు. కాలిఫోర్నియావాళ్లకి ఆ భయం ఉన్నట్టుంది. కోవిడ్ మూలాన 2020, 2021ల్లో రోడ్డెక్కలేదు. మళ్లీ మొదలెట్టాక తొక్కేవాళ్లు తగ్గారు, ఖర్చులు పెరిగాయి. 2025 జూన్ యాత్రే ఆఖరుదని ముందే చెప్పి, చెప్పినట్టే ఆపేశారు. హిట్టు పోస్టరు చిరిగేదాకా లాగకుండా పేకప్ చెప్పడం మన పరిశ్రమలో ఎంతమందికి చేతనవును?

ఇంకోటి చెప్పడం మరిచాను. దారిలో బ్రాడ్లీ అని ఓ పల్లె. వందమంది కూడా ఉండరు. మూడోరోజు మధ్యాహ్నం తొక్కేవాళ్లు అక్కడికి చేరేసరికి ఆ ఊరి బడి పిల్లలూ, పెద్దలూ పొయ్యిలు రాజేసి హాంబర్గర్లు కాల్చి అమ్మేవారు. వచ్చిన సొమ్ము బడి ఖర్చులకి, పిల్లల విహారయాత్రలకి. ఏడాదికి ఒక్కపూట బేరం! అన్నయ్య అక్కడ రెండు తిన్నాడట, రెండోది ఆకలేసి కాదట. ఆ పిల్లలు జూన్ నెలలో ఇప్పుడు ఎవరికి అమ్ముతున్నారో కనుక్కోమని వాడికి చెప్పాను.