మా ఊళ్ళో చూడటానికి ఏముంది?

‘మీ ఊళ్ళో చూడటానికి ఏముందోయ్?’ అని ఎవరడిగినా మా జూలూరుపాడు వాళ్ళం చెప్పే జవాబు ఒక్కటే: ‘మా దగ్గర ఏముంది, భద్రాచలం పోయిరండి!’ ఇది వినయం కొద్దీ అనే మాటని నేననుకోను. మన ఊరంటే మనకే చిన్నచూపు.

మొన్న వేసవి సెలవులకు తెనాలి నుంచి నా ఇంటర్మీడియట్ మిత్రుడొకడు వచ్చాడు. కాలవల నడుమ పెరిగినవాడు, అడవి ఎరగడు. కొత్తగూడెంలో రైలు దిగి, స్టేషన్ బోర్డు మీద ‘భద్రాచలం రోడ్’ అని చదివి ‘గుడి ఎటురా?’ అన్నాడు. గోదావరి దాటి 40 కిలోమీటర్లు పోవాలంటే తెల్లబోయాడు పాపం! అందరూ చూసేవన్నీ మేమూ చూశాము. రామయ్య దర్శనం, పర్ణశాల, కిన్నెరసానిలో పడవ షికారు, అన్నీ అయినవి. విశ్వనాథ వారు పాటలు కట్టిన ఆ వాగే ఆనకట్ట వెనక నిలిచి పాల్వంచ థర్మల్ కేంద్రానికి నీళ్ళిస్తున్నదని చెప్తే మావాడు నమ్మలేదు. ఆ కేంద్రం పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు గాని, అంతవరకు మా వైపు బస్సెక్కినవాళ్ళకు అవే గాలిగోపురాలు.

ఇక మిగిలింది తునికాకు కళ్ళం. ‘ఎండలో ఆ పిల్లగాణ్ణి ఆకు కాడికి తీసకపోతవా? నవ్విపోతరు’ అన్నాడు మా నాయన. అయినా తెల్లవారక ముందే బయలుదేరాము.

వేసవి మొదట్లోనే పొదలు కొట్టి ఉంచితే కొత్త చిగురు వస్తుంది. ఆ లేత ఆకు కోసి, 50 ఆకులు ఒక కట్టగా కట్టి, కళ్ళంలో ఎండబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక బస్తా లెక్క. అంటే బస్తాకు యాభై వేల ఆకులు, ఒక్కొక్కటి చేత్తో తెంపినవే! వృక్షశాస్త్రం పుస్తకంలో ‘డయోస్పైరోస్ మెలనోజైలాన్’ అని బట్టీపట్టిన చెట్టు ఇదేనని చెప్తే క్లాసులో సగం మంది నమ్మరేమో. మావాడు ఒక కట్ట కట్టేలోగా పక్కనున్న కోయ అవ్వ పది కట్టింది. ‘నీ కట్ట నువ్వే పట్టకపో అయ్యా’ అని నవ్వింది. వాడు ఫోను తీయబోతుంటే ‘ముందు అడుగు’ అన్నాను. అడిగాడు. అవ్వ వద్దంది. లోపల పెట్టేశాడు.

ఇక్కడే నా వాదనకు అడ్డు చెప్పేవారున్నారు. ఊళ్ళు చూపించడం మొదలెడితే గిరిజనులను జంతుప్రదర్శనశాల చేస్తారని వారి భయం. న్యాయమైన భయమే. డోలు కొట్టించి, ఫొటోలు దిగి కారెక్కేవాళ్ళు రాకపోవడమే మేలు. కానీ అసలు చూడకుండా పోవడం వల్ల ఎవరికి లాభం? అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు పట్టా ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదన్న మాట కళ్ళం దగ్గర వినబడుతుంది గాని పడవలో వినబడదు గదా!

జపానులో షిరకావా-గో అనే పల్లె ఉంది. మంచు జారిపోయేటట్టు నిటారుగా కప్పిన గడ్డి ఇళ్ళు, పై అటకల మీద ఒకప్పుడు పట్టుపురుగుల పెంపకం. 1995లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఇళ్ళలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. మనమేమో చుట్టం వస్తున్నాడంటే తాటాకు పాక కనబడకుండా ఏం అడ్డం పెడదామా అని చూస్తాము.

మన విద్యార్థి సంఘం విహారయాత్రకు అరకో, ఊటీయో అని తర్జనభర్జన పడుతుంటుంది. ఈసారి మార్చి నెలాఖరున మా వైపు రండి. ఇప్పపూలు రాత్రి రాలుతాయి, తెల్లవారుఝామునే ఏరాలి. అందుకని రాత్రికే చేరి అక్కడే పడుకోవాలి. ఇరవై మందికి మించవద్దు. ఊరి పెద్దలను ముందుగా నేను అడిగి వస్తాను. వారు సరేనంటేనే బయలుదేరుదాము.